పాత బీటిల్ ఇంజన్‌లో శబ్దం ఎక్కడిదో పట్టుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్ కొత్తగా ఉన్నప్పుడు కూడా నిశ్శబ్దంగా నడిచింది కాదు. నీటితో చల్లబడే ఇంజన్‌లో సిలిండర్ల చుట్టూ ఉన్న నీరు లోపలి చప్పుడును చాలావరకు అణచివేస్తుంది. బీటిల్‌లో నీరు లేదు, రేడియేటర్ లేదు. సిలిండర్ల మీది లోహపు రెక్కల మధ్య నుంచి ఫ్యాన్ గాలిని తోస్తుంది. ఆ ఫ్యాన్ హోరు, వాల్వుల టకటక, రేకుల కంపనం అన్నీ కలిసి నేరుగా చెవిన పడతాయి. అందువల్ల ఈ కారు కొత్తగా కొన్నవారు మామూలు శబ్దానికి కంగారుపడి ఇంజన్ విప్పించడమూ, నిజంగా ప్రమాదకరమైన శబ్దాన్ని ‘ఈ బండి ఇంతే’ అనుకుని వదిలేయడమూ రెండూ జరుగుతుంటాయి.

ఈ మార్గదర్శిలో చెప్పేది నాలుగు సిలిండర్ల టైప్ 1 ఇంజన్ గురించి. 1192 సి.సి. నుంచి 1584 సి.సి. వరకు దాని రూపాలన్నింటికీ ఈ క్రమమే వర్తిస్తుంది. కొలతల్లో తేడా ఉన్నచోట విడిగా చెప్పాను. క్రమం వెనుక ఒకే సూత్రం ఉంది. ఈ ఇంజన్‌లో క్రాంక్‌కేసు (పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే పెట్టె) రెండు భాగాలుగా ఉంటుంది, దాన్ని విడదీయడం పెద్ద పని, పెద్ద ఖర్చు. కాబట్టి కేసు విప్పకుండా తేల్చుకోగలిగినవన్నీ ముందు తేల్చుకోవాలి. బయటి నుంచి లోపలికి, చవకైన దాని నుంచి ఖరీదైన దానికి వెళ్లాలి.

పని మొదలుపెట్టే ముందు

కావలసిన సామాను ఎక్కువ కాదు: సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్, 13 మి.మీ. రింగు పానా, 21 మి.మీ. పానా, పొడవాటి స్క్రూడ్రైవర్, చెవికి పెట్టుకునేందుకు మీటరు పొడవున్న రబ్బరు గొట్టం, టైమింగ్ లైటు. మెకానిక్ స్టెతస్కోప్ దొరికితే మంచిదే, లేకపోతే స్క్రూడ్రైవర్ పిడిని చెవి వెనుక ఎముకకు ఆనించినా అదే పని జరుగుతుంది. ఫ్యాన్ బెల్టు దగ్గర వంగి వినేటప్పుడు కండువా, చున్నీ, వదులు చొక్కా ఏవీ ఒంటి మీద ఉండకూడదు. మూసి ఉన్న షెడ్డులో ఇంజన్ నడపకూడదు. బండి కిందకు వెళ్లేటప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు వేయాలి.

సిలిండర్ల సంఖ్యలు కూడా ముందే గుర్తు పెట్టుకోవాలి. ఇంజన్ బండి వెనుక ఉంటుంది గనుక ఇక్కడ తికమకపడేవారు ఎక్కువ. ‘ముందు’ అంటే ఎప్పుడూ బండి ముందు వైపే, అంటే ఫ్లైవీల్ (క్రాంక్ చివరి బరువైన చక్రం) ఉన్న వైపు. కుడివైపు ముందున్నది 1, దాని వెనుకది 2. ఎడమవైపు ముందున్నది 3, దాని వెనుకది 4. మండే క్రమం 1-4-3-2. ప్రతి హెడ్‌లోనూ ఎగ్జాస్ట్ వాల్వులు రెండు చివర్లలో, ఇన్‌టేక్ వాల్వులు మధ్యలో ఉంటాయి.

మొదటి అడుగు: నూనె చూసి, తర్వాత వినడం

ఇంజన్ స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఈ ఇంజన్‌లో పట్టే నూనె సుమారు 2.5 లీటర్లు మాత్రమే. అర లీటరు తగ్గినా అయిదో వంతు పోయినట్టే. మట్టం తగ్గడం కన్నా పెరగడం ఎక్కువ అనుమానించదగ్గది. మెకానికల్ పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ క్రాంక్‌కేసులోకి దిగి నూనెను పలచబరుస్తుంది, అప్పుడు ఇంజన్ మొత్తం ఒకేసారి గలగలమంటుంది. డిప్‌స్టిక్‌ను వాసన చూస్తే తెలిసిపోతుంది. పెట్రోల్ వాసన వస్తే ఇంకేమీ వెతకనక్కరలేదు, ఇంజన్ నడపనూ కూడదు. పంపు బాగుచేసి, నూనె మార్చి, మళ్లీ మొదటి నుంచి వినాలి.

నూనె సరిగా ఉంటే చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి వినడం మొదలుపెట్టాలి. ఇక్కడ మూడు సంగతులను రాసిపెట్టుకోవాలి. శబ్దం చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? బండి నిలబడి ఉండగా వస్తుందా, ఎత్తు ఎక్కుతూ బరువు పడినప్పుడు వస్తుందా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వస్తుందా? అన్నిటికన్నా ముఖ్యంగా, దాని లయ ఏమిటి?

ఈ లయే సగం సమాధానం. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌లో సగం వేగంతో తిరుగుతుంది. ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) సుమారు 850 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 850 చుట్లు ఉందనుకుంటే క్రాంక్ సెకనుకు 14 చుట్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు 7 సార్లు తెరుచుకుంటుంది. చెవితో ఈ లెక్క కట్టడం కష్టం, కాబట్టి టైమింగ్ లైటును 1వ సిలిండర్ ప్లగ్ వైరుకు తగిలించాలి. ఆ లైటు క్రాంక్ రెండు చుట్లకు ఒకసారి మెరుస్తుంది. మెరుపుకొక్క చప్పుడు వస్తే వాల్వులూ, క్యామ్, మంట, ఎగ్జాస్ట్ లీకు ఈ కోవలోవి. మెరుపుకు రెండు చప్పుళ్లు వస్తే క్రాంక్, బేరింగులు, పిస్టన్, ఫ్లైవీల్ కోవలోవి. దీనికి మినహాయింపులు ఉన్నాయి. పిస్టన్ రాడ్డు క్రాంక్‌ను పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగు కొన్నిసార్లు మండే దెబ్బకే గట్టిగా మోగి మెరుపుకొక్కటిగానే వినిపించవచ్చు. అయినా వెతుకులాటను సగానికి తగ్గించే ఉపాయం ఇంతకన్నా చవకగా మరొకటి లేదు. లైటుకూ చప్పుడుకూ పొంతనే లేకపోతే అది రేకులదో, డైనమోదో అనుకోవాలి.

రెండో అడుగు: బెల్టు తీసి చూడటం

బీటిల్‌లో చల్లబరిచే ఫ్యాన్ డైనమో షాఫ్టు రెండో చివర ఉంటుంది. అందువల్ల ఫ్యాన్ బెల్టు ఒక్కటి తీసేస్తే డైనమో, దాని బేరింగులు, బ్రష్షులు, ఫ్యాన్, బెల్టు ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి. డైనమో పుల్లీ అంచున ఉన్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకుని 21 మి.మీ. నట్టు విప్పితే బెల్టు వచ్చేస్తుంది. చల్లటి ఇంజన్‌ను అర నిమిషం మించకుండా నడిపి వినాలి. గాలి లేకుండా నడుస్తోందని మరవకూడదు; డైనమో లైటు వెలగడం మాత్రం సహజమే.

శబ్దం పోతే ఇంజన్ లోపల వెతకవలసిన పని లేదు. గీరుకుపోతున్న లోహపు శబ్దమైతే ఫ్యాన్ తన గూటిని తాకుతోంది: ఫ్యాన్ నట్టు వదులైందో, హబ్ పగిలిందో, డైనమో బేరింగు అరిగి షాఫ్టు ఊగుతోందో చూడాలి. వేగంతో పాటు స్థాయి పెరిగే గుయ్యిమనే మోత డైనమో బేరింగుది. కీచుమంటే బెల్టు వదులో, బ్రష్షులు బిగుసుకోవడమో కారణం. బెల్టును మళ్లీ వేసేటప్పుడు బొటనవేలితో మధ్యలో నొక్కితే సుమారు 15 మి.మీ. లోపలికి పోయేలా పుల్లీ రెండు రేకుల మధ్య వాషర్లను సర్దాలి. వాషరు తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. తీసిన వాషర్లను పారేయకుండా నట్టు కిందే బయటివైపు పెట్టి బిగించాలి.

శబ్దం పోకపోతే క్రాంక్ పుల్లీ చుట్టూ చూడాలి. పుల్లీ వెనుక రేకుకు మెరుస్తున్న గీత కనబడితే రెండూ రాసుకుంటున్నాయి. రేకు వంగిందా, లేక క్రాంకే వెనక్కి జరుగుతోందా అన్నది అయిదో అడుగులో తేలుతుంది. ఊడిన రేకు స్క్రూలు, హీటర్ డబ్బాల వదులు తలుపులు, సైలెన్సర్ లోపల విరిగిన పలకలు కూడా గలగలలాడతాయి. చెక్క కర్రతో ఒక్కోదాన్నీ నొక్కి పడితే దోషి దొరుకుతుంది. రేకులో చిన్న స్క్రూ ఊడిన చప్పుడుకు ఇంజన్ దించాలన్న సలహా వినవలసి రావడం ఈ బండ్ల యజమానులకు కొత్తేమీ కాదు.

మూడో అడుగు: ఎగ్జాస్ట్ లీకు

వాల్వు టకటకను అచ్చంగా పోలి ఉండేది ఎగ్జాస్ట్ లీకు. రెండూ మెరుపుకొక్కటిగానే వస్తాయి. తేడా ఏమిటంటే లీకులో ‘టక్’ వెనుక ‘ఫస్’ అనే ఊపిరి ఉంటుంది. చల్లటి ఇంజన్‌లో పెద్దగా ఉండి, లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకున్నకొద్దీ తగ్గుతుంది. బరువు పడితే పెరుగుతుంది. రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను కీళ్ల దగ్గర తిప్పితే లీకున్న చోట చప్పుడు ఒక్కసారిగా పెద్దదవుతుంది. గొట్టాన్ని వేడి పైపుకు తాకించకూడదు.

2, 4 సిలిండర్ల పొగ వెనుకవైపు నుంచి నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. 1, 3 సిలిండర్లది ముందువైపు హీట్ ఎక్స్‌ఛేంజర్ల ద్వారా వస్తుంది. కాబట్టి ముందు గాస్కెట్ చూడాలంటే బండి కింద పడుకోక తప్పదు. కారులోకి వచ్చే వెచ్చని గాలి ఆ ఎక్స్‌ఛేంజర్ల చుట్టూ తిరిగే వస్తుంది. అవి తుప్పు పట్టి చిల్లులు పడితే విషవాయువు కూడా దానితోపాటు లోపలికి వస్తుంది. మన ఊళ్లలో హీటర్ వాడే పని తక్కువే అయినా, అమెరికాలోనో ఐరోపాలోనో చలికాలంలో ఈ బండి నడిపే తెలుగువారు దీన్ని శబ్దం సమస్యగా మాత్రమే చూడకూడదు.

ఇదే చోట ప్లగ్గులు కూడా చూడాలి. అల్యూమినియం హెడ్‌లో మర అరిగి ప్లగ్ వదులైతే అది కూడా ఇలాగే చిటపటలాడుతుంది, చుట్టూ నల్లటి మసి కనబడుతుంది. ప్లగ్గును ఇంజన్ చల్లారాకే విప్పాలి, బిగించాలి. హెడ్‌కూ సిలిండర్‌కూ మధ్య లీకైనా ఇదే ధ్వని, కాకపోతే లోతుగా వినిపిస్తుంది. మెగ్నీషియం కేసులోంచి హెడ్ స్టడ్డు మర ఊడి రావడం దీనికి మామూలు కారణం. సిలిండర్ రెక్కల మధ్య మసి చార కనిపిస్తే అనుమానం ఖాయమైనట్టే. పగిలిన ప్లగ్ వైరులోంచి నిప్పురవ్వ దూకే ‘చిట్’ శబ్దం చీకట్లో కంటికే కనిపిస్తుంది.

నాలుగో అడుగు: వాల్వులు

ఎక్కువ ఓపిక పెట్టవలసిన అడుగు ఇదే. వాల్వు సందును, అంటే వాల్వు కాడ చివరకూ దాన్ని నొక్కే రాకర్ అనే మీటకూ మధ్య ఖాళీని, ఇంజన్ పూర్తిగా చల్లారాక మాత్రమే కొలవాలి. రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున చూడటం ఉత్తమం. 1584 సి.సి. వంటి తరువాతి ఇంజన్లలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండింటికీ 0.15 మి.మీ. ఉండాలి. పొడవాటి రాకర్ స్టడ్డులున్న కొన్ని పాత 1192 సి.సి. ఇంజన్లలో ఇన్‌టేక్‌కు 0.20, ఎగ్జాస్ట్‌కు 0.30 మి.మీ. ఫ్యాన్ గూటి మీద చీటీ మిగిలి ఉంటే అందులో ఉన్న అంకెనే పాటించాలి.

ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్ డిస్ట్రిబ్యూటర్ అంచున ఉన్న గీతకు ఎదురుగా, పుల్లీ గుర్తు కేసు అతుకుకు సరిగ్గా వచ్చేలా తిప్పితే 1వ సిలిండర్ సిద్ధమవుతుంది. దాని రెండు వాల్వులూ చూశాక పుల్లీని అపసవ్య దిశలో అర చుట్టు తిప్పితే 2, మళ్లీ అర చుట్టుకు 3, మరో అర చుట్టుకు 4 వస్తాయి. 13 మి.మీ. లాక్‌నట్టు వదులుచేసి, స్క్రూ సర్ది, నట్టు బిగించాక మళ్లీ కొలవడం తప్పనిసరి, ఎందుకంటే బిగింపులో స్క్రూ కాస్త తిరుగుతుంది. అయితే సరిచేయకముందు ప్రతి వాల్వు సందు ఎంత ఉందో కాగితం మీద రాసుకోవాలి. చాలామంది వదిలేసే పని ఇదే, నిర్ధారణకు అసలు పనికొచ్చేదీ ఇదే.

సందు పెరిగి ఉంటే చప్పుడు దానిదే. సరిచేస్తే పోతుంది, పెద్ద నష్టమూ ఉండదు. సందు తగ్గి ఉంటే ఆ వాల్వు నోరు మెదపదు. పూర్తిగా మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటుకు అప్పగించలేక మాడుతుంది. ఒకే వాల్వు సందు ప్రతిసారీ తగ్గుతూ వస్తోందంటే దాని కాడ సాగుతోందనో, సీటు లోపలికి కుంగుతోందనో అర్థం. కాడ తెగి వాల్వు తల సిలిండర్‌లో పడితే పిస్టన్, హెడ్ రెండూ పోతాయి. ఈ గండం 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుకు ఎక్కువ. 1970ల ఆరంభం వరకు ఆయిల్ కూలర్ ఫ్యాన్ గూటి లోపలే నిలువుగా ఉండి, 3వ సిలిండర్‌కు చేరే గాలికి అడ్డుపడేది. తర్వాత దాన్ని పక్కకు జరిపి విడి గాలిదారి ఇచ్చారు. అందుకే వాల్వు కవర్ తెరిచినప్పుడు మోగుతున్న వాల్వు కన్నా మోగని వాల్వులను ముందు చూడమంటాను.

సందు సరిగానే ఉన్నా టకటక ఆగకపోతే రాకర్ కొనను వేలితో తడమాలి. అది గుంటపడితే ఫీలర్ గేజ్ గుంట అంచుల మీద ఆగి తప్పు కొలత చూపిస్తుంది, అసలు సందు దానికన్నా ఎక్కువే ఉంటుంది. రాకర్ షాఫ్టు నట్లు, పక్కలకు కదలిక, విరిగిన స్ప్రింగు, రాకర్‌ను తోసే పుష్‌రాడ్ వంగి ఉండటం కూడా అప్పుడే కంటపడతాయి. ఎవరైనా అసలు అల్యూమినియం పుష్‌రాడ్లు తీసి ఉక్కువి వేసి ఉంటే వాల్వులు వేడిలో ఎక్కువ మోగుతాయి, ఎందుకంటే సిలిండర్లు, హెడ్డు సాగినంతగా ఉక్కు సాగదు. వాటికి చల్లగా ఉన్నప్పుడు దాదాపు సున్నా సందు పెడతారు. వేడిలో మాత్రమే ఉన్నట్టుండి గట్టిగా మొదలై, ఉన్నట్టుండి ఆగిపోయే ‘టాక్ టాక్’ వదులైన వాల్వు సీటుది కావచ్చు. అలాంటి బండిని నడపకూడదు.

సందులన్నీ సరిచేసినా, ఒకే వాల్వు పదేపదే వదులవుతూ, అది ఎత్తే దూరం మిగతా వాటికన్నా తక్కువగా కనబడితే క్యామ్, దాని మీద ఆని పుష్‌రాడ్‌ను ఎత్తే లిఫ్టర్ అరిగాయి. ఈ ఇంజన్‌లో లిఫ్టర్లు లోపలి నుంచే కూర్చుంటాయి గనుక కేసు విడదీయనిదే రావు.

అయిదో అడుగు: క్రాంక్, ఫ్లైవీల్, క్లచ్

ఇంజన్ ఆపి, పుల్లీని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా వెనక్కి లాగి ముందుకు తోయాలి. కొత్త ఇంజన్‌లో క్రాంక్ ముందువెనుకల కదలిక 0.07 నుంచి 0.13 మి.మీ.; 0.15 దాటకూడదు. అంత చిన్న కదలిక చేతికి తెలియదు. ‘టక్’మని స్పష్టంగా తెలిసిందంటే హద్దు దాటినట్టే, డయల్ గేజ్‌తో ఖాయం చేసుకోవాలి. ఇలాంటి ఇంజన్ క్లచ్ తొక్కినప్పుడు ఒక్కసారి ‘ధబ్’మని, తర్వాత స్వరం మారుస్తుంది. ఫ్లైవీల్ వెనుక ఉండే మూడు షిమ్ములను (పలుచని రింగులను) మార్చి సరిచేయవచ్చు. కానీ క్రాంక్‌ను కేసులో మోసే మొదటి మెయిన్ బేరింగే కేసులో కదులుతుంటే షిమ్ములతో తీరదు.

ఫ్లైవీల్ వదులైనా ఇదే మొద్దు చప్పుడు వస్తుంది. దాన్ని బేరింగు పోయిందని పొరబడి ఇంజన్ మొత్తం విప్పినవారున్నారు. దాన్ని పట్టి ఉంచే ఒకే ఒక్క పెద్ద నట్టు సుమారు 350 న్యూటన్ మీటర్ల బిగింపుతో ఉండాలి. క్లచ్ తొక్కగానే మొదలయ్యే గరగర మాత్రం రిలీజ్ బేరింగుది, ఇంజన్‌ది కాదు.

ఆరో అడుగు: ఒక్కో సిలిండర్‌ను ఆపడం

ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా కాకుండా, ఆపి, ఒక ప్లగ్ వైరు తీసి, దాని కొనను లోహానికి ఆనించి, మళ్లీ స్టార్ట్ చేసి వినాలి. వైరును గాలిలో వదిలేస్తే కాయిల్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే మరీ. ఇలా నాలుగింటినీ వరుసగా చేయాలి.

ఒక వైరు తీయగానే చప్పుడు తగ్గితే లోపం ఆ సిలిండర్‌లోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు డబడబమని, వేడెక్కాక తగ్గేది సిలిండర్ గోడలకు కొట్టుకుంటున్న పిస్టన్‌ది. దీన్ని కొంతకాలం సహించవచ్చు. వేడెక్కినకొద్దీ పెరుగుతూ, మధ్య వేగంలో యాక్సిలరేటర్‌ను కాస్త వదిలిన క్షణాన ‘ఠక్ ఠక్’మనేది బిగ్ ఎండ్ బేరింగుది. దీన్ని సహించకూడదు, ఇంజన్ అక్కడే ఆపి బండిని లాగించుకుని పోవాలి. వైరు తీస్తే చప్పుడు తగ్గే బదులు రెట్టింపై వినిపిస్తే పిస్టన్‌ను దాని రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్నును అనుమానించాలి. ఏ వైరు తీసినా పెద్దగా మారని, బరువు పడినప్పుడు కేసు అడుగు నుంచి వచ్చే లోతైన ‘ధుమ్ ధుమ్’ మెయిన్ బేరింగులది. ఈ ఇంజన్లలో మధ్య బేరింగు మెగ్నీషియం కేసులో తన గూటిని తానే వెడల్పు చేసుకుంటుంది.

బేరింగుల అనుమానాన్ని నూనె ఒత్తిడితో ఖాయం చేసుకోవాలి. డాష్‌బోర్డులో ఉన్నది లైటు మాత్రమే, అది ఒత్తిడి దాదాపు సున్నాకు వచ్చాకే వెలుగుతుంది. ఆ స్విచ్చి తీసి గేజ్ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర చూడాలి. సుమారు 3 బార్ ఉంటే ఆరోగ్యం, 2 బార్‌కు తగ్గితే అరుగుదల హద్దు. చివరగా నూనె వంపి, జల్లెడ తీసి చూడాలి. అయస్కాంతానికి అంటే ముక్కలు ఉక్కువి, అంటని బూడిదరంగు మెరుపు బేరింగు లోహానిది, పసుపు పొడి డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పే ఇత్తడి గేరుది.

ఎత్తు మీద మాత్రమే వచ్చే గలగల

నిలబడి ఉన్నప్పుడు ఏమీ లేకుండా, రోహిణి కార్తె ఎండలో ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రం గులకరాళ్లు దొర్లినట్టు వినిపిస్తే అది విడిభాగాల శబ్దం కాదు, పెట్రోల్ వేళ తప్పి మండుతోంది. వెంటనే గేరు తగ్గించి యాక్సిలరేటర్ వదలాలి. వాక్యూమ్ లేని 009 డిస్ట్రిబ్యూటర్ ఉంటే, 3000 ఆర్‌పీఎం పైన మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకొనకు చేరకముందే నిప్పురవ్వ పడే కోణం) 28 నుంచి 32 డిగ్రీల లోపు ఉండేలా టైమింగ్ సరిచూడాలి. పాత డిస్ట్రిబ్యూటర్లలో 3వ సిలిండర్ టైమింగ్‌ను కావాలనే కొద్ది డిగ్రీలు ఆలస్యం చేశారు, కాబట్టి లైటులో అది ఒక్కటి తేడాగా కనిపిస్తే పాడైందనుకోనక్కరలేదు. టైమింగ్ సరిగా ఉన్నా గలగల ఆగకపోతే ఇంజన్ మితిమీరి వేడెక్కుతోంది: ఇంజన్ గదిని కిందివైపు నుంచి వేరుచేసే రబ్బరు అంచు ఊడిందా, ఎవరైనా రేకులు తీసి పారేశారా, సిలిండర్ రెక్కల మధ్య ఎలుక గూడు కట్టిందా అని చూడాలి. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో ఈ చివరిది బొత్తిగా అరుదేమీ కాదు.

ఏ లోపానికి ఎంత విప్పాలి

వాల్వు సందులు, రాకర్లు, డైనమో, వెనుక గాస్కెట్లు బండిలో ఇంజన్ ఉండగానే సరిచేయవచ్చు. హెడ్డులు, పిస్టన్లు, గడ్జన్ పిన్నులు, ఫ్లైవీల్, షిమ్ముల కోసం ఇంజన్ దించాలి గాని కేసు విడదీయనక్కరలేదు. ఇంజన్‌ను గేరుబాక్సుకు పట్టి ఉంచేవి నాలుగు బిగింపులే గనుక దించడం అంత భయపడవలసిన పని కాదు. క్యామ్, లిఫ్టర్లు, బిగ్ ఎండ్, మెయిన్ బేరింగులకు మాత్రమే కేసు విడదీయాలి. అలా విడదీసినప్పుడు ఒక్క బిగ్ ఎండ్ మార్చి మూసేయమని అడగకుండా, మెయిన్ బేరింగు గూళ్లను కొలిపించి, కేసు మళ్లీ బోరింగుకు పనికొస్తుందో లేదో తేల్చుకున్నాకే కొత్త బేరింగుల సైజు చెప్పి కొనాలి.